అప్‌డేట్: తాతయ్య లాంతరు మళ్లీ వెలిగింది

పోయిన వారం అడిగాను కదా, తాతయ్య హరికేన్ లాంతరు గ్లాసంతా మసి పట్టేస్తోంది, పెరట్లోకి తీసుకెళ్తే కొండెక్కుతోందని. కొత్త వత్తి వేసినా తేడా రాలేదు. అసలు దొంగ పక్క గొట్టం! పైనుంచి బర్నర్‌కి గాలి దిగే దారి అదే. అందులో కందిరీగ మట్టిగూడు కట్టింది. తీగతో పొడిస్తే చెంచాడు మట్టి రాలింది. వత్తి మూలలు కూడా కాస్త గుండ్రంగా కత్తిరించాను.

నిన్న ఈదురుగాలికి కరెంటు పోతే, వరండా కొక్కేనికి 3 గంటలు వేలాడింది. మంట ఆరలేదు. తాతయ్య దీంతోనే రాత్రిళ్లు చేనికి నీళ్లు కట్టేవారట. గ్లాసు మీద సన్నటి మసి గీత పడింది, వత్తి పెంచింది మా అమ్మే.

గొట్టాలు చూడమన్నవారికి థాంక్సండీ. కిరసనాయిల్లో పెట్రోలు కలపమన్న అన్నగారూ, పేలిపోతుందండీ బాబూ!