ఒకే స్టాక్ (నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ పొరల వరుస) కింద రెండు రకాల రేడియోలు: హద్దు ఎక్కడ గీయాలి?

ప్రశ్న (బత్తాయి నోడ్, నల్లగొండ)

కనగల్ వైపు బత్తాయి తోటల్లో నేలతేమను, బోరు మోటారు స్థితిని తెలిపే చిన్న పరికరాలకు మేము ఫర్మ్‌వేర్ రాస్తున్నాము. ఇప్పటి బోర్డులో 2.4 గిగాహెర్ట్జ్ 802.15.4 (తక్కువ దూరపు, తక్కువ విద్యుత్ రేడియో ప్రమాణం) రేడియో ఉంది, ఆపరేటింగ్ సిస్టమ్ చిన్న పరికరాల కోసం ఉన్న కాంటికీ-ఎన్‌జీ. ఆకుల గుబురు దాటి ఊళ్లోని గేట్‌వేకు సిగ్నల్ నిలకడగా అందడం లేదు కాబట్టి, కొత్త బోర్డులో ఎస్ఎక్స్1262 లోరా (నెమ్మదిగా పంపుతూ ఎక్కువ దూరం అందే రేడియో పద్ధతి) చిప్ పెట్టి, మన దేశంలో లైసెన్సు అవసరం లేని 865–868 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌కు మారుతున్నాము. అయితే పాత బోర్డులు కొన్ని తోటల్లో అలాగే ఉంటాయి, అందువల్ల రెండింటికీ ఒకే కోడ్ నడవాలి. డ్రైవర్ (రేడియో చిప్‌ను నడిపే కోడ్) స్ట్రక్చర్‌లో ఉన్న ట్రాన్స్‌మిట్, రీడ్, ఛానల్ క్లియర్ వంటి ఫంక్షన్లనే లోరాకు కూడా రాసి, పైనున్న సీఎస్ఎంఏ (ఛానల్ ఖాళీగా ఉంటేనే పంపే పద్ధతి), 6లోప్యాన్ (ఐపీవీ6 ప్యాకెట్లను చిన్న ఫ్రేముల్లో ఇమిడేలా కుదించేది) పొరలను ముట్టుకోకుండా ఉండవచ్చునా?

జవాబు (పాలమూరు ఫర్మ్‌వేర్)

కంపైల్ అవుతుంది కానీ తోటలో నడవదు. మీరు చెప్పిన ఫంక్షన్లలో ఛానల్ క్లియర్ ఒక్కదాన్నే తీసుకోండి. 802.15.4లో గాలిలోని శక్తిని కొలిచి, క్షణాల్లో అవునో కాదో చెప్పే ఫంక్షన్ అది. లోరా సిగ్నల్ నాయిస్ స్థాయి కంటే దిగువన ఉన్నా రిసీవర్ దాన్ని చదవగలదు కాబట్టి, శక్తిని కొలిచి ఛానల్ ఖాళీ అని తేల్చుకుంటే పక్క తోట నోడ్ పంపుతున్న ఫ్రేమ్ మీదే మనమూ పంపుతాము. దానికి బదులు చిప్‌లో ఉన్న క్యాడ్ సదుపాయం (ఛానల్‌లో లోరా సిగ్నల్ ఉందేమో వెతికేది) వాడాలి. ఎస్ఎఫ్12 (లోరాలో అతి నెమ్మదైన అమరిక), 125 కిలోహెర్ట్జ్ వద్ద ఒక్క సింబల్ (గాలిలో పంపే ఒక్కో సంకేతం) 32.768 మిల్లీసెకన్లు పడుతుంది, క్యాడ్‌కు అలాంటి సింబల్స్ కొన్ని కావాలి. వెంటనే విలువ తిరిగి ఇవ్వాల్సిన ఫంక్షన్ లోపల అంతసేపు ప్రాసెసర్‌ను కూర్చోబెట్టడం కుదరదు, కాబట్టి ఆ ఫంక్షన్ ఆకారమే మారాలి: ముందు అడగడం, జవాబు తర్వాత ఈవెంట్‌గా రావడం.

టైమర్ల సంగతీ ఇంతే. 802.15.4లో 127 బైట్ల నిండు ఫ్రేమ్ 4.3 మిల్లీసెకన్లలోపే వెళ్లిపోతుంది, అక్నాలెడ్జ్‌మెంట్ (అందిందని అవతలివైపు నుంచి వచ్చే జవాబు) కోసం 864 మైక్రోసెకన్లు ఎదురుచూస్తే చాలు. లోరా ఎస్ఎఫ్12లో 20 బైట్లకే దాదాపు 1.3 సెకన్లు పడుతుంది. ఈ అంకెలను పై పొర కోడ్‌లో రాయవద్దు. ఇన్ని బైట్లకు గాలిలో ఎంతసేపు పడుతుంది, గరిష్ఠ ఫ్రేమ్ ఎంత, అక్నాలెడ్జ్‌మెంట్‌ను హార్డ్‌వేర్ తానే పంపుతుందా అన్న ప్రశ్నలకు డ్రైవరే జవాబు చెప్పాలి.

జవాబు (దేవరకొండ బిట్స్)

పై జవాబులోని లెక్కలతో ఏకీభవిస్తాను, ముగింపుతో కాదు. డ్రైవర్ ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పే విశాలమైన ఇంటర్‌ఫేస్ కాగితం మీద బాగుంటుంది. ఆచరణలో మ్యాక్ పొర (రేడియోను ఎప్పుడు వాడాలో నిర్ణయించే పొర, సీఎస్ఎంఏ ఉండేది ఇక్కడే) నిండా ‘ఈ సదుపాయం ఉంటే ఇలా, లేకుంటే అలా’ అనే షరతులు పేరుకుపోయి, ఏ బోర్డు మీద ఏ దారి నడుస్తుందో రాసినవారికే అంతుబట్టదు. 802.15.4 వర్గంలోని చిప్‌ల మధ్య తేడాలను సదుపాయాల జెండాలతో (ఏ సదుపాయం ఉందో చెప్పే గుర్తులతో) కప్పవచ్చు, జెఫిర్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ చేసేది అదే. లోరాకు మాత్రం జెఫిర్ వేరే ఇంటర్‌ఫేస్‌నే పెట్టింది, అది తెలివైన పని. ఉమ్మడి హద్దును మ్యాక్ కింద కాకుండా మ్యాక్ పైన గీయండి: ఈ చిరునామాకు ఈ డేటా పంపు, ఫలితం చెప్పు, మోయగలిగే పరిమాణం ఇంత. ఆ మూడు చాలు.

6లోప్యాన్‌ను కూడా యథాతథంగా తీసుకెళ్లవద్దు. మీరు లోరావాన్ (లోరా మీద నడిచే ప్రామాణిక నెట్‌వర్క్ పద్ధతి) వాడేట్లయితే నెమ్మదైన రేటు వద్ద 51 బైట్లే దొరుకుతాయి, ఐపీవీ6 కనీసం 1280 బైట్ల ప్యాకెట్‌ను మోయాలంటుంది. లోరావాన్ మీద ఐపీ కోసం 2021లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 9011 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం, ఎస్‌సీహెచ్‌సీ అనే వేరే కుదింపు పద్ధతిని నిర్దేశించింది. అయితే నేలతేమ అంకె పంపడానికి ఐపీ నిజంగా కావాలా అన్నది మీరే ఆలోచించుకోండి.

జవాబు (మిర్యాలగూడ ఇంటరప్ట్)

హద్దు ఎక్కడ గీసినా, ఇంటరప్ట్‌లో (చిప్ పిలిచినప్పుడు, నడుస్తున్న పనిని ఆపి నడిచే కోడ్‌లో) ఎస్‌పీఐని (ప్రాసెసర్, రేడియో చిప్ మాట్లాడుకునే దారిని) ముట్టుకోవద్దని నా మనవి. ఎస్ఎక్స్1262లో బిజీ లైన్ (చిప్ పనిలో ఉందని తెలిపే పిన్) దిగేదాకా కమాండ్ పంపకూడదు, ఆ నిరీక్షణ ఇంటరప్ట్‌లో జరిగితే మిగతా టైమింగ్ అంతా చెడుతుంది. రయట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లోని నెట్‌డెవ్ (నెట్‌వర్క్ డ్రైవర్ల ఇంటర్‌ఫేస్) పద్ధతి చూడండి: ఇంటరప్ట్ ఒక సంకేతం మాత్రమే ఇస్తుంది, అసలు పనిని డ్రైవర్ తర్వాత థ్రెడ్‌లో చేస్తుంది. బఫర్ ఎవరి సొంతమన్నదీ ముందే రాసుకోండి. 1.3 సెకన్ల పాటు ఫ్రేమ్ గాలిలో ఉన్నప్పుడు, మళ్లీ పంపవలసి వస్తుందేమోనని ఆ బఫర్‌ను ఎవరు పట్టుకుని ఉంటారు?

బత్తాయి నోడ్

ధన్యవాదాలండీ. మేము లోరావాన్ కాకుండా ఉట్టి లోరానే వాడుతున్నాము కాబట్టి, హద్దును మ్యాక్ పైకి మార్చి రెండు చిన్న మ్యాక్‌లు రాస్తాము. రేడియోను నిద్రపుచ్చే నిర్ణయం ఎవరిది కావాలి, మ్యాక్‌దా, అప్లికేషన్‌దా?

దేవరకొండ బిట్స్

మ్యాక్‌దే. పాత కాంటికీలో అందుకోసమే ఆర్‌డీసీ (రేడియో ఎప్పుడు మేలుకోవాలో చూసేది) అనే ప్రత్యేక పొర ఉండేది, ఎన్‌జీ దాన్ని మ్యాక్‌లో కలిపేసింది. మోటారు ఆపే ఆదేశం ఎంత ఆలస్యమైనా ఫరవాలేదో అప్లికేషన్ చెప్పాలి, ఆ వ్యవధిని బట్టి రిసీవర్ ఎప్పుడు తెరవాలో మ్యాక్ లెక్కకట్టుకోవాలి.