అప్‌డేట్: అమ్మ పగడాలు చూసింది

"ఈత రాని అమ్మకి అండమాన్‌లో పగడాలు చూపించగలనా?" అని అడిగాను కదా, వెళ్లొచ్చాం. తిరుపతి నుంచి చెన్నై, అక్కడి నుంచి విమానం. మీరు చెప్పినట్టే అండమాన్‌లోని వండూర్ రేవులో పడవెక్కి జాలీ బాయ్ దీవికి వెళ్లాం. మన తిరుమల కొండ మీద లాగే అక్కడా ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధం. అమ్మకి అది బాగా నచ్చింది.

అడుగున అద్దం ఉండి నీళ్లలోకి కనిపించే పడవ ఎక్కేదాకా నాకు ఒకటే టెన్షన్. కిందికి చూడగానే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "అవి రాళ్లా, చెట్లా నాయనా?" అంది. రెండూ కాదు, ప్రాణులు అని చెబితే చాలాసేపు మాట్లాడలేదు. కొన్నిచోట్ల పగడాలు చచ్చిపోయి బూడిదరంగులో ఉన్నాయి. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు తెల్లబారి, కొన్ని చచ్చిపోయాయని చదివాను గానీ, కళ్లారా చూస్తే బాధేసింది. నీళ్లలో దిగేవాళ్లు దయచేసి వాటిమీద కాలు పెట్టకండి.

జాలీ బాయ్ దీవి ఉన్న మెరైన్ నేషనల్ పార్కుకి సోమవారం సెలవు, చూసుకుని వెళ్లండి. సలహా ఇచ్చిన అందరికీ అమ్మ తరఫున కూడా థ్యాంక్స్.