టాక్సో ఐజీజీ పాజిటివ్ వచ్చింది, ఇది అంత మామూలేనా?

ప్రశ్న (దేవరకొండ):
నాకు మూడో నెల. టార్చ్ టెస్టుల (కడుపుల బిడ్డకు ముప్పు తెచ్చే రోగాలకు చేసే రక్త పరీక్షలు) టాక్సోప్లాస్మా ఐజీజీ పాజిటివ్, ఐజీఎం నెగెటివ్ అని వచ్చింది. పిల్లి పెంట నుంచి సోకే క్రిమి అంట అది. డాక్టరమ్మ "ఏం కాదు" అని రిపోర్టు పక్కన పెట్టింది, నాకేమో నిద్ర పడతలేదు. మా అత్తమ్మ పిల్లిని ఊరవతల విడిచి రమ్మని మా ఆయన వెంట పడ్డది. అది మొన్ననే కొట్టంల పిల్లలు పెట్టింది. ఇట్ల ఎంతమందికి వస్తది?

జవాబు (పాలమూరు, ల్యాబ్ టెక్నీషియన్):
ఫికర్ చేయకు చెల్లె. ఐజీఎం, ఐజీజీ అంటే క్రిమి మీద కొట్లాడనీకె ఒళ్లు తయారుచేసుకునేటివి; ఐజీఎం ముందుగల్ల వస్తది, ఐజీజీ తర్వాత వచ్చి ఉండిపోతది. ఐజీజీ ఒక్కటే పాజిటివ్ అంటే ఆ క్రిమి ఎప్పుడో ఒంట్లకొచ్చి అణిగి ఉన్నదన్నట్టు. అట్లాంటోళ్ల నుంచి బిడ్డకు పోవుడు చాలా అరుదు. భయమల్లా కడుపుతోని ఉన్నప్పుడు కొత్తగ సోకితేనే. పిల్లల్ని కనే వయసు ఆడోళ్ల మీద దేశమంతట చేసి 2014ల అచ్చేసిన పరిశీలనల ఐజీజీ నూటికి 22 మందికి కనబడ్డది, దక్షిణాదిల 37 మందికి. ఐజీఎం ఒకటిన్నర శాతం కూడ లేదు. ఇవి చూసే ఎలైసా పరీక్ష ప్లేటుల ఐజీజీ గుంట పసుపెక్కితే మేం తల కూడ ఎత్తం. ఐజీఎం గుంటల రంగొస్తెనే మల్లొకసారి చేస్తం.

జవాబు (మిర్యాలగూడ):
నాకు ఐజీఎమ్మే వచ్చింది. స్పైరామైసిన్ మందు మొదలుపెట్టి, సోకింది పాతదా కొత్తదా చెప్పే ఎవిడిటీ టెస్టుకు రక్తం పంపిండ్రు. హై అని వచ్చినంక పాతదేనని మందు ఆపిండ్రు. ఐజీఎం కొందరి ఒంట్ల ఏడాది దాటినా పోదంట. ఆ రిపోర్టు వచ్చేదాంక ఇంట్ల ఎవరికీ ముద్ద దిగలే.

జవాబు (పాలమూరు):
పిల్లి మీద పడకుండ్రి. దానికి మొదటిసారి సోకినప్పుడే, అదీ ఒకటి నుంచి మూడు వారాలే, పెంటల ఆ క్రిమిని విడుస్తది. అది కూడ ఒకటి నుంచి ఐదు రోజులు బయటుంటెనే అంటుకుంటది. ఏ పూటకాపూట ఎత్తేస్తే సగం బాధ పోయినట్టే. నన్నడిగితే మన దిక్కు దావత్‌లల్ల నిప్పుల మీద కాల్చి, లోపల ఎర్రగ ఉండంగనే నోట్లేసుకునే కార్జం ముక్కను చూసి భయపడాలె. ఫ్రాన్సుల ఐజీజీ లేని గర్భిణులకే నెలనెలా రక్తం చూస్తరు. ఎందుకంటవ్? కొత్తగ సోకేది వాళ్లకే గద.

ప్రశ్న అడిగినామె:
అక్కా, మా యారాలికి ఐదో నెల. ఆమెకు రెండూ నెగెటివ్. ఇంట్ల అందరు ఆమెదే మంచి రిపోర్టన్నరు, కొట్టం ఊడ్చే పని నా నుంచి తీసి ఆమెకిచ్చిండ్రు.

జవాబు (పాలమూరు):
అయ్యో! ఆ చీపురు ఇయ్యాల్నే మీ ఆయన చేతికియ్యి.