నెల్లూరులో మూడు ఇళ్లు కలిపిన లాడ్జి: పాత డోర్ నంబర్లు ఎలా పట్టుకోవాలి?

స్టోన్‌హౌస్‌పేటలో ఒక పాత లాడ్జి ఉంది. బయటికి ఒకటే బిల్డింగు, కానీ లోపలికెళ్తే పక్కపక్క మూడు ఇళ్లను కలిపారని తెలిసిపోతుంది. వరండాలో రెండుచోట్ల మెట్టు దిగాలి, ఒకచోట తేడా ఏడంగుళాలు. మధ్య గోడలు 18 అంగుళాల మందం, సున్నంతో కట్టినవి. మొదటి రెండిళ్లకు టేకు దూలాల మీద ఇటుకలు నిలబెట్టి పరిచిన మద్రాసు మిద్దె. మూడోదానికి మాత్రం శ్లాబు. ఇప్పుడు భోజనాల గదిగా వాడుతున్నది ఒకప్పటి మండువా అని నా నమ్మకం. చుట్టూ స్తంభాలు, మధ్యలో వాననీళ్లు పోయే తూము ఇంకా ఉన్నాయి. ఎంత అందంగా ఉందో!

వచ్చే నెల రిపేర్లు మొదలైతే ఇవన్నీ మూసేస్తారు. ఓనరు గారి అనుమతితో ఈలోపే కొలతలు, చరిత్ర రాసిపెడుతున్నాను.

ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలిచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే 1983 నుంచే వచ్చింది. అప్పటికే ఇది ఒకే ఆస్తి. అంతకుముందుది సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చేత్తో వెతకాలి, దానికి పాత డోర్ నంబర్లు కావాలన్నారు. ఓనరు గారి దస్తావేజులో కొత్త నంబరే ఉంది. వీధిలో పెద్దవాళ్లను అడిగితే తలా ఒక మాట చెప్పారు. నెల్లూరు మున్సిపాలిటీ 1866 నాటిది, కాబట్టి ఇంటిపన్ను లెక్కల్లో ఎక్కడో ఉంటాయని ఆశ.

ఇప్పటి డోర్ నంబరును బట్టి 1983కి ముందున్న ఆ మూడిళ్ల నంబర్లు తెలియాలంటే ఏ రిజిస్టరు నకలు అడగాలి?