టెక్సస్ స్మిత్ కౌంటీ వ్యవసాయ విస్తరణ పాత నివేదికలు ఎక్కడ దొరుకుతాయి?

నమస్కారం. టెక్సస్‌లోని టైలర్‌లో ఉంటున్నాను. ఇది స్మిత్ కౌంటీ కేంద్రం. ఒకే కౌంటీకి పూర్తిగా కేటాయించిన తొలి వ్యవసాయ ఏజెంటు (రైతులకు మెరుగైన సాగు నేర్పే ఉద్యోగి) డబ్ల్యూ.సి. స్టాలింగ్స్ 1906 నవంబరులో పనిలో చేరింది ఇక్కడే. అప్పట్లో పత్తికి ముక్కుపురుగు పట్టి రైతులు దిక్కుతోచక ఉన్నారు. మాటలతో కాక, రైతు సొంత పొలంలోనే సాగు చేసి చూపాలన్నది ఈ పనిని నడిపించిన అమెరికా వ్యవసాయ శాఖ అధికారి సీమన్ నాప్ పద్ధతి. 1914లో వ్యవసాయ విస్తరణకు ప్రభుత్వ నిధులిచ్చే స్మిత్-లీవర్ చట్టం వచ్చాక ఆ పని దేశమంతటా స్థిరపడింది.

మా తాతగారు పశ్చిమ గోదావరిలో 1960లో మొదలైన ప్యాకేజీ పథకంలో (విత్తనాలు, ఎరువులు, అప్పు, సలహా కలిపి రైతుకు అందించే సాగు పథకం) గ్రామసేవకులు, అంటే ఊళ్లలో రైతులకు సాగు సలహాలిచ్చే ఉద్యోగి. ఆయన డైరీ నా దగ్గరే ఉంది. అట్ట ఊడిపోయింది, పేజీల అంచుల్లో బురద మరకలు. ఏ రైతు ఎన్ని బస్తాల ఎరువు వేశాడో, ఎంత పండిందో పెన్సిల్‌తో రాసుకున్నారు. దాని పక్కన స్టాలింగ్స్ కాలం నాటి నివేదికలు పెట్టి చదవాలని ఎంతో ఆశగా ఉంది.

కౌంటీ ఏజెంట్ల వార్షిక నివేదికలు అమెరికా జాతీయ అభిలేఖాగారం మైక్రోఫిల్ముల్లో ఉన్నాయి. వాటిని చూసినవారు ఉన్నారా? స్మిత్ కౌంటీవి ఏ సంవత్సరం నుంచి ఉన్నాయి? ప్రతులు ఎలా తెప్పించుకోవాలి? అలాగే మీ ఇళ్లలో గ్రామసేవకుల డైరీలు ఉంటే దయచేసి చెప్పండి, పారేయకండి.