కావిటీ సర్వే క్యూబులు: గెలాక్సీ అంచుల్లో ఎర్రర్ ఎందుకు తక్కువగా వస్తోంది?

ప్రశ్న: కావిటీ సర్వేలో స్పెయిన్‌లోని కలార్ ఆల్టో 3.5 మీటర్ల టెలిస్కోపుపై పీపాక్‌తో (ఫైబర్ల కట్టతో గెలాక్సీ అంతటా వర్ణపటాలు తీసే పరికరం) తీసిన శూన్యప్రాంత గెలాక్సీల (గెలాక్సీలు చాలా అరుదుగా ఉండే విశాల ప్రాంతాల్లోవి) క్యూబులు (ప్రతి బిందువుకూ ఒక వర్ణపటం ఉండే చిత్రాలు) వాడుతున్నాను. అంచుల్లో వొరోనాయ్ బిన్నింగ్ (సిగ్నల్ చాలేలా పక్కపక్క మసక బిందువులను ఒక బిన్‌గా కలపడం) చేశాక ఎర్రర్లు నమ్మలేనంత చిన్నవిగా వస్తున్నాయి. తప్పెక్కడ?

జవాబు 1: పీపాక్ ఫైబరు వ్యాసం 2.7 ఆర్క్‌సెకండ్లు, క్యూబు స్పాక్సెల్ (వర్ణపటం ఉండే ఒక్కో పిక్సెల్) వెడల్పు 1 ఆర్క్‌సెకండే. ఒకే ఫైబరు కాంతి పక్కపక్క స్పాక్సెళ్లకు పంచబడుతుంది కాబట్టి వాటి నాయిస్ స్వతంత్రం కాదు. మీరు అవి స్వతంత్రమన్నట్టు స్పాక్సెళ్ల ఎర్రర్ల వర్గాలు కూడి వర్గమూలం తీస్తున్నారేమో, అక్కడే దెబ్బ. బిన్ సైజు వారీగా ఫిట్ రెసిడ్యువల్ (వర్ణపటానికీ దానికి అమర్చిన మోడల్‌కూ తేడా) చెదురును, మీరు లెక్కించిన ఎర్రర్‌తో భాగించండి. ఆ నిష్పత్తితో ఎర్రర్లను గుణించండి. 5577 ఆంగ్‌స్ట్రాముల ఆకాశరేఖను (మన వాతావరణం వెలువరించే కాంతి) ముందే మాస్క్ చేయాలి.

జవాబు 2: పీపాక్‌లో కాంతిని వర్ణపటంగా విడదీసే వీ500 గ్రేటింగ్ రిజల్యూషన్ (రేఖ సగం ఎత్తు దగ్గర పూర్తి వెడల్పు) సుమారు 6 ఆంగ్‌స్ట్రాములు. హైడ్రోజన్ రేఖ హెచ్‌ఆల్ఫా దగ్గర అది సెకనుకు సుమారు 115 కిలోమీటర్ల సిగ్మా (ప్రామాణిక విచలనం). చిన్న డిస్కు గెలాక్సీల వేగ విస్తరణ (ఒకే చోట వేగాల చెదురు) అంతకంటే బాగా తక్కువ, దాన్ని కొలవాలని చూడకండి. వేగాల మ్యాపు మాత్రం చక్కగా వస్తుంది.

జవాబు 3: శూన్యాల బయటి గెలాక్సీలతో పోలికకు కాలిఫా అనే పాత సర్వే గెలాక్సీలు తీసుకోండి, పరికరం అదే. కానీ నక్షత్ర ద్రవ్యరాశి, ఆకృతి సరిపోల్చాకే! శూన్యాల్లో తేలిక గెలాక్సీలే ఎక్కువ, అది వదిలేస్తే ద్రవ్యరాశి ప్రభావమే పరిసరాల ప్రభావంలా కనిపిస్తుంది.