లూకా 16: అన్యాయస్థుడైన గృహనిర్వాహకుణ్ణి యజమాని ఎందుకు మెచ్చుకున్నాడు?

ప్రశ్న

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మా సంఘంలో సండే స్కూలు పెద్ద తరగతికి నేను పాఠం చెబుతాను. పోయిన ఆదివారం లూకా సువార్త 16వ అధ్యాయం మొదటి 13 వచనాలు చదివించాను. యజమాని ఆస్తిని పాడుచేస్తున్నాడని నేరం మోపబడిన గృహనిర్వాహకుడు, పని పోవడం ఖాయమని తెలిశాక, అప్పులవాళ్లను ఒక్కొక్కరిగా పిలిచి, నూరు మణుగుల నూనెను యాభై అని, నూరు తూముల గోధుమలను ఎనభై అని తిరగరాయిస్తాడు. యజమాని అతణ్ణి మెచ్చుకుంటాడు.

పాఠం అవుతుండగానే ఒక అబ్బాయి లేచి, "టీచర్, మా నాన్న కొట్టులో గుమాస్తా ఇలా చేస్తే దొంగతనం అంటాం కదా, ప్రభువు అతణ్ణి మనకు ఎందుకు చూపిస్తున్నాడు?" అని అడిగాడు. మెచ్చుకున్నది అతని తెలివిని, మోసాన్ని కాదని ఎప్పుడూ వినే జవాబే చెప్పాను. "ఆ తెలివంతా మోసంలోనే ఉంది కదా టీచర్" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. వాక్యాన్ని జాగ్రత్తగా చదివినవారు దయచేసి సహాయం చేయండి.

మొదటి జవాబు

సిస్టర్, వందనాలు. ఆ అబ్బాయి అడిగింది న్యాయమైన ప్రశ్న. ఈ ఉపమానంలోని అప్పు చీటీల సంగతి నాకు మా తాతగారి వల్ల కొంత అర్థమైంది. ఆయన పల్లెలో ఒక ధాన్యం వ్యాపారి దగ్గర లెక్కలు రాసేవారు. రైతు చేతికి ఎనిమిది బస్తాలిచ్చి నోటులో పది అని రాయించడం అక్కడ మామూలేనని, పైన రాసిన రెండు బస్తాలూ వడ్డీ అని ఆ కాగితంలో ఎక్కడా కనిపించదని ఆయన చెప్పేవారు.

మోషే ధర్మశాస్త్రం తోటి ఇశ్రాయేలీయుని దగ్గర వడ్డీ తీసుకోకూడదని నిర్గమకాండము 22:25లోనూ, ద్వితీయోపదేశకాండము 23:19లోనూ స్పష్టంగా చెబుతుంది. డంకన్ డెరెట్ అనే పండితుడు (ఈయన హిందూ ధర్మశాస్త్రంలో కూడా పేరున్నవాడు, ఈ విషయం తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది) 1961లో ఈ దారినే వివరణ ఇచ్చారు. ఆయన లెక్క ప్రకారం నూనెలో యాభై, గోధుమల్లో ఎనభై అసలు; మిగిలినదంతా అసలులో కలిపి దాచిన వడ్డీ. గృహనిర్వాహకుడు చీటీల్లోంచి తీసివేయించింది ఆ వడ్డీనే కాబట్టి, దాన్ని తిరిగి అడగాలంటే తన పేరు మీద వడ్డీ వ్యాపారం జరిగిందని యజమాని నలుగురిలో ఒప్పుకోవాలి. అందుకని మెచ్చుకొని ఊరుకున్నాడు. అలా చూస్తే, ఆ మనిషి తన చివరి రోజున చేసిన పని ధర్మశాస్త్రానికి తిరిగి లోబడడమే అవుతుంది.

రెండవ జవాబు

బ్రదర్ చెప్పిన చీటీల సంగతి విలువైనదే గాని, ఆ వివరణ మీద పూర్తిగా ఆనుకోవడానికి నాకు మనసొప్పడం లేదు. వడ్డీ అనే మాట ఆ వచనాల్లో ఎక్కడా లేదు. పైగా, అప్పులు దిద్దించిన తరువాత వచ్చే 8వ వచనంలో కూడా అతడు "అన్యాయస్థుడైన" గృహనిర్వాహకుడే. మనం అతణ్ణి నీతిమంతుణ్ణి చేస్తే కథ సులువవుతుంది గాని, ప్రభువు చెప్పిన కథ మారిపోతుంది.

ఇక్కడ తెలుగు మాట కూడా మనల్ని కొంత ఇబ్బంది పెడుతోంది. అతడు యుక్తిగా నడుచుకొన్నాడని యజమాని మెచ్చుకొన్నట్టు ఆ 8వ వచనంలో ఉంది; "యుక్తిగా" అనగానే మన చెవికి ఎత్తుగడ వినిపిస్తుంది. గ్రీకులో అక్కడున్న మాట, బండమీద ఇల్లు కట్టుకున్న బుద్ధిమంతుని గురించీ, దివిటీలతో పాటు నూనె తీసుకువెళ్లిన కన్యకల గురించీ, "పాములవలె వివేకులు" అనే చోటా వాడిన మాటకు చెందినదే. ముందు ఏం రాబోతోందో చూసి, సమయం ఉండగానే కదిలేవాడని దాని భావం.

అయితే అబ్బాయి ప్రశ్నకు అసలు తాళంచెవి 4, 9 వచనాల్లో ఉందని నేను నమ్ముతున్నాను. పని పోయాక వాళ్లు తనను తమ ఇళ్లలోకి "చేర్చుకొనునట్లు" అని అతడు అనుకుంటాడు. సిరి వదిలిపోయినప్పుడు స్నేహితులు మిమ్మల్ని నిత్యమైన నివాసాల్లో "చేర్చుకొందురు" అని ప్రభువు అంటాడు. గ్రీకులోనూ రెండుచోట్లా ఒకే క్రియ. త్రవ్వలేని, బిచ్చమెత్తడానికి సిగ్గుపడే ఆ మనిషికి ఒక్క సంగతి మాత్రం బాగా తెలుసు: చేతిలో ఉన్నది రేపు తనది కాదు, కాబట్టి ఈ రోజే దాన్ని మనుషుల బరువు దించడానికి వాడాలి. అతడు దాన్ని స్వార్థం కోసం, వేరొకడి సొమ్ముతో చేశాడు. మన దగ్గరున్న సొమ్ము కూడా వేరొకరిదే, దేవునిదే; కాని మన యజమాని దాన్ని పంచమనే చెప్పాడు. తేడా అక్కడుంది. 18వ అధ్యాయంలో అన్యాయస్థుడైన న్యాయాధిపతిని చూపించి దేవుని గురించి చెప్పినప్పుడు కూడా ప్రభువు ఇదే పద్ధతిలో, చెడ్డవాడే ఇంత చేస్తే అన్నట్టు బోధించాడు.

అదే అధ్యాయం చివర చూడండి. తన వాకిట్లో పడి ఉన్న దరిద్రుడు లాజరును ధనవంతుడు స్నేహితునిగా చేసుకోలేదు. చనిపోయిన తరువాత ఆ ధనవంతుణ్ణి చేర్చుకునేవాడే లేకపోయాడు. 9వ వచనానికి ప్రభువు ఇచ్చిన వ్యాఖ్యానం ఆ కథేనని నాకు అనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారి జవాబు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీ మాటలు చదివాక బైబిలు తెరిస్తే ఇంకొకటి కనబడింది. తప్పిపోయిన కుమారుడు తన ఆస్తిని "పాడుచేసెను" అని 15:13లో ఉంది. గృహనిర్వాహకుడి మీద మోపిన నేరం కూడా ఆస్తిని "పాడుచేయుట"నే. మధ్యలో అధ్యాయం మారడం వల్ల నేనెప్పుడూ ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చదవలేదు.

వచ్చే ఆదివారం 15:11 నుండి 16:31 వరకు ఆగకుండా చదివిస్తాను. పిల్లల చేత నూరు మణుగుల చీటీలు రాయించి, వాళ్ల చేతనే కొట్టివేయించి, యాభై అని దిద్దిస్తాను. అప్పు తగ్గినప్పుడు ఏమనిపించిందని ముందుగా ఆ అబ్బాయినే అడుగుతాను.